ఏ ఊరు మనది? – సోలాపూర్ తెలుగు వాడల్లో ఒక ప్రశ్న చరిత్ర

సోలాపూర్ తూర్పు భాగంలో, సాఖర్‌పేట, భద్రావతిపేట, అశోక్ చౌక్, దత్తనగర్ పరిసరాల్లో ఉన్న మన తెలుగు వాడల్లోకి కొత్త మనిషి ఎవరైనా వస్తే, అతనికి దారి చెప్పే ముందు ఒక ప్రశ్న వేస్తారు. "ఏ ఊరు మనది?" అరుగు మీద కూచుని బీడీలు చుట్టే అవ్వ అడుగుతుంది. టీ బండి దగ్గర నిలబడ్డ మగ్గం పనివాడు అడుగుతాడు. జవాబు వచ్చాక అక్కడితో ఆగరు. ఇంటిపేరేంది? ఏం పని? దినానికి ఎంత పడుతది? కిరాయి ఇల్లా, సొంతమా? పిల్లలెందరు? ఇయ్యాల ఏం కూర? ఆ సంచిలో ఏముంది, ఎంతకు తెచ్చినవ్?

చదువుకున్న మన పిల్లలకు ఈ ప్రశ్నలంటే చిరాకు. పుణె, ముంబయి నుంచి వచ్చిన స్నేహితుల ముందు వాళ్ళకు సిగ్గుగా కూడా ఉంటుంది. ఎవరికెందుకు ఈ ఆరాలు అంటారు. పనిలేని వాళ్ళ కాలక్షేపమని కొట్టిపారేస్తారు. వారి మాటలో కొంత న్యాయం ఉంది, దాని సంగతి తర్వాత చెప్పుకుందాం. కాని ఈ ప్రశ్నలు ఎక్కడి నుంచి వచ్చాయో, ఎవరు ఎందుకు అడుగుతూ వచ్చారో చూస్తే, సోలాపూర్‌లో తెలుగువాళ్ళ చరిత్ర చాలావరకు వాటిలోనే దొరుకుతుందని నా అభిప్రాయం. మన పూర్వులు రాతలో వదిలిపోయింది తక్కువ. వాళ్ళు తమను గురించి దాచుకున్నదంతా ఈ సవాలు జవాబుల్లోనే దాచుకున్నారు.

ఇది మన ఒక్కరి అలవాటు కాదు. మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1923లో ఒక వ్యాసం రాస్తూ, మనుషులు ఏదో తెలుసుకోవడానికి కాక, మౌనంగా ఎదురెదురు నిలబడితే కలిగే ఇబ్బంది పోగొట్టుకోవడానికి ఆడే మాటలను గురించి చెప్పాడు. ఇంగ్లీషువాడు ఎండ గురించో వాన గురించో మాట్లాడతాడు. పసిఫిక్ దీవుల్లోని మెలనీషియన్లు మాత్రం ఎదురైన మనిషిని ఎక్కడి నుంచి వస్తున్నావని అడుగుతారట. మాట వేరైనా చేసే పని ఒకటేనని ఆయన వాదన. మన "ఏ ఊరు" కూడా మొదటి చూపులో అట్లాంటిదే. అయితే మన ప్రశ్న అక్కడితో ఆగదు. మన ప్రశ్నకు జవాబు నిజంగా కావాలి. ఒకప్పుడు ఆ జవాబు మీద మనిషికి పని, నీడ, పిల్ల, అప్పు అన్నీ ఆధారపడి ఉండేవి.

ముందు ఆ ప్రశ్నలోని మాటల పొందిక చూడండి. "మీ ఊరేది" అనడు. "మనది" అంటాడు. తెలుగులో "మా" వేరు, "మన" వేరు. "మా"లో వినేవాడికి చోటు లేదు, "మన"లో ఉంది. ఎదుటి మనిషి ఊరు ఇంకా తెలియకముందే అడిగేవాడు అందులో తన వాటా కూడా కలిపేసుకుంటున్నాడు. మరాఠీలోనూ ఈ తేడా ఉంది, "ఆమ్హీ" అంటే మేము, "ఆపణ్" అంటే మనం. పక్కనే ఉన్న కన్నడంలో మాత్రం ఇప్పుడు రెంటికీ "నావు" ఒక్కటే. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ నాలుగూ ఒకే సందులో వినిపించే ఈ పట్నంలో "గావ్ కోణ్తం?", "యావ ఊరు?", "కౌన్‌సా గావ్?" అన్నీ నడుస్తాయి. అయినా తెలుగులో అడిగినప్పుడు ఆ "మన" అనే మాటలో ఒక ఆశ ఉంటుంది. నీదీ నాదీ ఒకే దిక్కేమో అన్న ఆశ.

ఆ ఆశ పుట్టిన కాలం మనకు తెలుసు. 1860లో గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైలు సోలాపూర్ చేరింది. 1871లో ఆ దారి రాయచూర్ దగ్గర మద్రాసు రైలుమార్గంతో కలిసింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు పడింది. 1876 నుంచి 1878 దాకా దక్కన్‌ను ఊడ్చేసిన మహా కరువు వచ్చింది. ఆ కరువు నడుమనే 1877లో సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ మిల్లు స్థాపన జరిగింది. దాన్నే తర్వాత జనం జునీ గిర్నీ, అంటే పాత మిల్లు, అన్నారు. ఆ వెనుక నర్సింగ్‌గిర్జీ, లక్ష్మీ, విష్ణు, జామ్ మిల్లులు లేచాయి. మిల్లు నూలు వడికితే దాన్ని నేసే చేతులు కావాలి. నిజాం ఇలాకాలో, ఇప్పటి తెలంగాణ పల్లెల్లో, మగ్గం మీద బతికే పద్మశాలీలకు ఒక దిక్కు సీమ గుడ్డ పోటీ, ఇంకో దిక్కు కరువు, పైన దొరల వెట్టి. సోలాపూర్ బ్రిటిషు ఇలాకా. అక్కడ చేసిన పనికి రొక్కం ఇస్తారన్న మాట ఊరూరా పాకింది. కొందరు రైలెక్కి వచ్చారు, కొందరు మూట నెత్తిన పెట్టుకుని కాలినడకన వచ్చారు.

అట్లా వచ్చిన మనిషి చేతిలో ఏ కాగితమూ లేదు. ఎవరి చిట్టీ లేదు. ఈ పట్నం భాష రాదు. అతను తెలుగు వినిపించిన సందులోకి నడిచి వస్తాడు. అక్కడ మగ్గం గుంటలో కూచున్న మనిషి ఆట ఆపి అడుగుతాడు, "ఏ ఊరు మనది తమ్మీ?" ఊరు చెబితే తర్వాతి ప్రశ్న, "ఎవరింట్ల దిగినవ్?" దిగిన ఇల్లు లేకపోతే, "ఇంటిపేరేంది?" ఇంటిపేరు చెబితే ఎవరో ఒకరు, ఆ ఇంటిపేరు వాళ్ళు ఫలానా పేటలో ఉన్నారంటారు. ఆ తర్వాత, "పనేమొచ్చు?" చీరె నేస్తాడా, అచ్చు అతుకుతాడా, రంగు వేస్తాడా, ఆలు కండెలు పడుతుందా? ఈ నాలుగైదు ప్రశ్నలు ముగిసేసరికి కొత్తవాడికి రాత్రి పండుకునే చోటు, మర్నాటి పని దొరికేవి. ఉద్యోగాల కచేరీ, ధర్మసత్రం, జామీను, మూడింటి పనినీ ఈ ప్రశ్నల వరసే చేసింది.

ఇందులో పుణ్యం ఒక్కటే ఉందనుకోవద్దు. అడిగేవాడికీ లాభం ఉంది. సోలాపూర్ చేనేత చాలావరకు కార్ఖానాల్లో నడిచింది. ఒక ఆసామి కప్పు కింద పది, ఇరవై మగ్గాలు, కూలికి నేసే కుటుంబాలు. ఆసామి మనవాడే, కూలీ మనవాడే. పనివాణ్ణి నిలుపుకోవడానికి ఆసామి ముందే డబ్బు ఇచ్చేవాడు. ఆ బాకీ తీరేదాకా నేతగాడు మగ్గం విడిచిపోలేడు. పశ్చిమ భారతంలోని చిన్న పట్నాల చేతిపరిశ్రమల మీద డగ్లస్ హేన్స్ 2012లో ప్రచురించిన గ్రంథంలో ఈ కార్ఖానాల సంగతి, బాకీలతో కట్టిపడేసిన కూలీల సంగతి వివరంగా ఉంది. కాబట్టి "ఏ ఊరు మనది" అని ఆప్యాయంగా మొదలైన మాట "పాత ఆసామికి బాకీ ఎంతున్నది?" అనే దగ్గరికి చేరేది. ఊరు తెలిస్తే పారిపోయినవాణ్ణి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఇంటిపేరు తెలిస్తే బాకీకి ఎవరిని పట్టుకోవాలో తెలుస్తుంది. మనిషికి నీడ చూపించిన ప్రశ్నే అతనికి పగ్గమూ వేసింది. మన చరిత్ర చెప్పుకునేటప్పుడు ఈ రెండో సంగతి దాచరాదు.

ఇక ఇంటిపేరు. తెలుగువాళ్ళకు ఇంటిపేరు ముందు, మనిషి పేరు వెనుక. మరాఠీ పద్ధతిలో ముందు తన పేరు, నడుమ తండ్రి పేరు, చివర ఆడ్‌నావ్. మిల్లు మస్టర్‌లో, బడి రిజిస్టర్‌లో, మునిసిపాలిటీ పన్ను పుస్తకంలో మన ఇంటిపేర్లు తల కిందికి, కాళ్ళు పైకి అయినట్టు చివరికి పోయాయి. దేవనాగరిలో రాసేసరికి కొన్ని పేర్లలో దీర్ఘాలు పోయాయి, ఒత్తులు మారాయి. మూడు తరాలు గడిచాక తన ఇంటిపేరు తెలుగులో ఎట్లా రాయాలో తెలియని పిల్లలు మన మధ్య ఉన్నారు. అయినా నోటితో అడిగే ఇంటిపేరు బతికే ఉంది. పెళ్ళి సంబంధాల మాట వస్తే దాని వెంట గోత్రం వస్తుంది. భావనారుషి కొడుకుల పేర్ల మీద పద్మశాలీలకు 101 గోత్రాలని సంప్రదాయం చెబుతుంది. శ్రావణ పున్నమినాడు మార్కండేయుని రథం ఊరేగేటప్పుడు గుంపులో పక్కనున్న ముక్కు మొహం తెలియని ఆడమనిషిని "మీ గోత్రమేందమ్మా?" అని అడగడం ఇక్కడ తప్పు కాదు. ఆమె కూతురు పక్కనే నిలబడి ఉంటే ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో ఆమెకూ తెలుసు.

పట్నం రాజకీయాల్లోనూ ఇంటిపేరు ఇట్లాంటి పనే చేసింది. 1980, 1984 ఎన్నికల్లో గంగాధర్ కుచన్, 1989, 1991లో ధర్మణ్ణ సాదుల్, 1996లో లింగరాజ్ వల్యాల్ సోలాపూర్ నుంచి లోక్‌సభకు గెలిచారు. పార్టీలు వేరైనా, పత్రికలో ఆ పేర్లు దేవనాగరిలో చూసినప్పుడు మన వాడల్లో వాటిని తెలుగు ఇంటిపేర్లుగానే చదువుకున్నారు. పేరు చివరనున్న ఆ ఒక్క మాట, ఈయన మనవాడేనా అన్న ప్రశ్నకు ముందుగానే దొరికిన జవాబు.

పరిశ్రమ మారినప్పుడల్లా ప్రశ్న మారుతూ వచ్చింది. గిర్నీల కాలంలో మగవాణ్ణి అడిగే ప్రశ్న, "ఏ గిర్నీ?" దాని తోకగా, "కాయమా, బదిలీయా?" కాయం అంటే రోజూ పని ఉన్నవాడు. బదిలీ అంటే ఎవరైనా రాకపోతే వాళ్ళ స్థానంలో దొరికినన్నాళ్ళు చేసేవాడు. ఈ ఒక్క మాటలో నెల జీతం, కిరాణా కొట్టులో ఉద్దెర, పిల్ల నిచ్చే మామ ధైర్యం అన్నీ తెలిసిపోయేవి. ఇంట్లో మగ్గం ఉన్నవాణ్ణి అడిగేది, "ఎన్ని మాగాలు?" మాగం అన్నది మన మగ్గానికి మరాఠీ మాగ్ కలిసి పుట్టిన మాట. స్వాతంత్ర్యం వచ్చాక చేనేత చీరె తగ్గి, కరెంటు మగ్గాల మీద చాదర్, టవెల్ పెరిగాయి. అప్పుడు ప్రశ్న, "చాదరా, టవెలా?" చాదర్ నేసేవాడికి జాకార్డు మీది పని, పువ్వులు, నెమళ్ళు తేల్చాలి. టవెల్ లెక్క వేరు. సోలాపూర్ చాదర్‌కు, టవెల్‌కు భౌగోళిక గుర్తింపు దక్కింది గనుక ఈ రెండు మాటలూ ఇప్పుడు ప్రభుత్వ పుస్తకంలోకి కూడా ఎక్కాయి. గిర్నీలు మాత్రం ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. "ఏ గిర్నీ?" అని ఇప్పుడు ముసలివాళ్ళనే అడుగుతారు, అదీ "ఏ గిర్నీల ఉంటివి?" అని భూతకాలంలో.

ఆడవాళ్ళను అడిగే ప్రశ్న వేరు. "ఇయ్యాల ఎన్ని?" అంతే. ఎన్ని ఏమిటని ఎవరూ చెప్పరు, అక్కరలేదు. బీడీలే. కూలి లెక్క వెయ్యి బీడీల మీద. కార్ఖానా నుంచి ఆకు, తంబాకు తెచ్చుకుని ఇంట్లో చుట్టి, కట్టలు కట్టి తిరిగి ఇచ్చి రావాలి. చెకర్ బాగా లేవని కొన్ని తీసి పక్కన పడేస్తాడు. ఆ పోయిన వాటి లెక్క కూడా తోటి మనిషి అడుగుతుంది. మగవాళ్ళ గిర్నీ మూతపడ్డ ఇళ్ళలో పొయ్యి వెలిగింది ఈ బీడీల మీదనే. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం, 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చాయి. ఆ తర్వాత కొత్తగా పరిచయమైన ఆడమనిషిని అడిగే ప్రశ్నల్లో "కార్డున్నదా?" అన్నది చేరింది. గుర్తింపు కార్డు ఉంటే దవాఖానా ఉంది, పిల్లల చదువుకు సాయం ఉంది, ఇంటికి అర్జీ పెట్టుకోవచ్చు. కార్డు లేకుండా చుట్టేవాళ్ళు ఎందరో ఈ ప్రశ్న వల్లనే, ఎక్కడికి పోవాలో, ఎవరిని పట్టుకోవాలో తెలుసుకున్నారు.

కుంభారి దగ్గర బీడీ కార్మికులకు 10,000 ఇళ్ళతో కట్టిన గోదూతాయి పరుళేకర్ వసతి 2006లో మొదలైంది. దాని వెనుక నర్సయ్య ఆడం మాస్టర్ నాయకత్వంలో సాగిన పోరాటం ఉంది. ఆ తర్వాత రేనగర్‌లో 15,000 ఇళ్ళు 2024 జనవరిలో కార్మికులకు ఇచ్చారు. పేటలు విడిచి అట్లా బయటికి పోయిన వాళ్ళ మధ్య నేను విన్న ప్రశ్న కొత్తది. "ఇంతకుముందు ఏ పేటల ఉంటిరి?" తాతలు తెలంగాణ ఊరు అడిగిన చోట మనవరాళ్ళు సోలాపూర్ పేట అడుగుతున్నారు. ఊరు అనే మాటకు అర్థం ఇట్లా జరుగుతూ పోతుంది. వలస వచ్చినవాళ్ళకు విడిచి వచ్చిన చోటు ఎప్పుడూ ఒకటి కావాలి కాబోలు.

ఇంతవరకు చెప్పింది నోటితో అడిగి నోటితోనే మరిచిపోయే ప్రశ్నల సంగతి. ఇవే ప్రశ్నలను కలం పట్టుకుని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. దేశంలో మొదటి జనగణన 1872 ప్రాంతంలో జరిగింది. 1881లో దేశమంతటా ఒకేసారి జరిపినప్పుడు కులం, వృత్తితో పాటు పుట్టినచోటు, మాతృభాష కూడా అడిగారు. 1884లో సోలాపూర్ జిల్లా గెజెటీర్ అచ్చయింది. అందులో ఒక్కో కులాన్నీ వరసగా తీసుకుని, వాళ్ళ ఇంటి భాష, ఇల్లు, తిండి, బట్ట, పెళ్ళి, చావు ఆచారాలు రాశారు. చూస్తే మన అరుగు మీది అవ్వ అడిగే ప్రశ్నలే అవి. తేడా ఒక్కటే. అవ్వ అడిగినప్పుడు ఎదుటి మనిషి కూడా "మరి మీదే ఊరు?" అని తిరిగి అడగవచ్చు. దొర గుమాస్తాను తిరిగి అడగడానికి లేదు.

తిరిగి అడగలేని ప్రశ్న ఎంత బరువో ఈ పట్నంలోనే చూడవచ్చు. సోలాపూర్‌లో ఇప్పటికీ సెటిల్‌మెంట్ అని పిలిచే ప్రాంతం ఉంది. నేరస్థ జాతుల చట్టం కింద కైకాడి వంటి సంచార కులాలను కుటుంబాలతో సహా కంచె లోపల పెట్టిన చోటు అది. వాళ్ళలో చాలామంది మన వాళ్ళతో పాటే గిర్నీల్లో పనిచేశారు. పని ముగించి మనవాడు టీ తాగుతూ, "ఎక్కడికి పోతున్నవ్?" అన్న ప్రశ్నకు ఏదో ఒకటి చెప్పి నవ్వుకుంటూ పోయేవాడు. అదే ప్రశ్న కంచె గేటు దగ్గర అడిగితే అది హాజరీ. జవాబు తప్పితే శిక్ష. 1952లో ఆ చట్టం రద్దయ్యేదాకా ఒకే గిర్నీ, ఒకే భోంగా, ఒకే ప్రశ్న, రెండు రకాల మనుషులకు రెండు రకాలుగా వినిపించాయి. ఊసుపోక అడిగే ప్రశ్నకు ఊసుపోక జవాబు చెప్పగలగడం కూడా ఒక స్వేచ్ఛే. అది అందరికీ దక్కలేదు.

మనకు కూడా ఆ బరువు వేరే రూపంలో వచ్చింది. మహారాష్ట్రలో ఇతర వెనుకబడిన తరగతుల వాళ్ళు, పద్మశాలీలున్న ప్రత్యేక వెనుకబడిన తరగతి వాళ్ళు కుల ధ్రువపత్రం తీసుకోవాలంటే, తమ కుటుంబం 1967 అక్టోబరు 13కు ముందు నుంచే ఈ రాష్ట్రంలో ఉంటున్నట్టు కాగితం చూపించాలి. తండ్రిదో తాతదో బడి విడిచిన సర్టిఫికెట్, జనన మరణ నమోదు, పాత ఆస్తి పత్రం, ఇట్లాంటివి. "ఏ ఊరు మనది, ఎప్పుడొచ్చిన్రు?" అన్న పాత ప్రశ్నే ఇది. వాడలో ఎవరిని అడిగినా జవాబు చెబుతారు. ఫలానా కరువులో వచ్చినం, ఫలానా గిర్నీ కట్టినప్పుడు మా ముత్తాత ఇటుకలు మోసిండు అని. కాని ఆ జవాబు కచేరీలో చెల్లదు. నాలుగు తరాలుగా ఇక్కడే పుట్టి ఇక్కడే పోయిన కుటుంబంలో తాత బడి మొహం చూడలేదు, కిరాయి ఇంట్లోనే బతికాడు, గిర్నీ మూతపడి మస్టర్లు చెదలు తిన్నాయి. అట్లాంటి ఇంటి పిల్లకు ఇంజనీరింగు సీటు దగ్గర ఆ తేదీ అడ్డం నిలబడుతుంది. మాట మీద బతికిన జాతిని కాగితం అడిగితే వచ్చే కష్టం ఇది.

అటు వెళ్తే కూడా అంతే. పెళ్ళికో దేవరకో తెలంగాణలోని తాతల ఊరికి పోతే అక్కడా అదే ప్రశ్న, "ఏ ఊరు మనది?" ఆ ఊరి పేరే చెబితే నమ్మరు. మాటలో మరాఠీ యాస పట్టుకుని, "సోలాపూరోళ్ళా?" అంటారు. ఇక్కడ మనం తెలంగీలం, అక్కడ సోలాపూరోళ్ళం. పైగా ఆ ఊరు ఎక్కడుందో చెప్పడం కూడా తరతరానికి మారింది. ముత్తాత నిజాం ఇలాకా అన్నాడు. తాత 1948 తర్వాత హైదరాబాద్ రాష్ట్రం అన్నాడు. తండ్రి 1956 నుంచి ఆంధ్రప్రదేశ్ అన్నాడు. మనం 2014 నుంచి తెలంగాణ అంటున్నాం. 2016లో జిల్లాలు విడగొట్టాక, సిరిసిల్ల దిక్కునుంచి వచ్చినవాళ్ళ కరీంనగర్ జిల్లా కూడా రాజన్న సిరిసిల్ల జిల్లా అయింది. ఇక్కడ కూడా అంతే, బొంబాయి ఇలాకా పోయి 1960 మే 1 నుంచి మహారాష్ట్ర అయింది. ఇన్ని మారినా మారనిది ఊరి పేరు ఒక్కటే. అందుకేనేమో మన ముసలివాళ్ళు జిల్లా అడగరు, రాష్ట్రం అడగరు, ఊరే అడుగుతారు. ఆ తెలివి ఎవరూ నేర్పింది కాదు.

ఇప్పుడు పిల్లల అభ్యంతరం సంగతి. వాళ్ళు అన్నదాంట్లో న్యాయం ఉందన్నాను. "పిల్లలెందరు?" అన్న ప్రశ్న పిల్లలు లేని ఆడమనిషికి ముల్లు. "మీ ఆయనేం చేస్తడు?" అన్నది మొగుడు పోయినామెకో, విడిచిపెట్టినామెకో పుండు మీద కారం. "మీరేమిట్లు?" అని కులం ఆరా తీయడం వెనుక నీళ్ళ గ్లాసు ఇవ్వాలా వద్దా అన్న ఆలోచన ఉన్న రోజులు మన వాడల్లోనూ ఉన్నాయి. అద్దెకు ఇల్లు అడిగిన వాళ్ళను ఈ ప్రశ్నతోనే తిప్పి పంపిన వీధులు ఉన్నాయి. మనవాణ్ణి దగ్గరికి తీసిన ప్రశ్న పరాయివాణ్ణి దూరం కూడా పెట్టింది. వీటిని సంప్రదాయమని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. అడిగినవాడు తిరిగి తనను అడగనిస్తాడా, జవాబు చెప్పకపోతే ఊరుకుంటాడా అన్నది చూస్తే ఏ ప్రశ్న పలకరింపో, ఏది తనిఖీయో తేలిపోతుంది. తనిఖీలు పోవలసిందే.

పలకరింపులు కూడా వాటితో పాటే పోతున్నాయి. కొత్త అపార్టుమెంట్లలో ఎదురింటివాణ్ణి ఏ ఊరని అడగరు, పార్కింగు ఎక్కడని అడుగుతారు. మా పిల్లలను ఎవరైనా "ఏ ఊరు?" అంటే "సోలాపూర్" అంటారు. అది నిజమైన జవాబే, తప్పు పట్టడానికి లేదు. నూటయాభై ఏళ్ళుగా ఇక్కడ చెమటోడ్చిన వాళ్ళకు ఇది కాక ఇంకేది ఊరు? అయితే "అంతకుముందు?" అన్న రెండో ప్రశ్న అడిగేవాళ్ళు తగ్గిపోతే, దాని జవాబు ఒక తరంలో మాసిపోతుంది. అది ఏ గెజెటీర్‌లోనూ లేదు. డి.ఆర్. గాడ్గిల్ సోలాపూర్ మీద 1965లో ప్రచురించిన సామాజిక, ఆర్థిక అధ్యయనంలో మన పరిశ్రమ లెక్కలు దొరుకుతాయి గాని, మీ ముత్తవ్వ ఏ ఊరి పిల్లో దొరకదు.

2027 జనగణనలో కులం కూడా రాస్తామని కేంద్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. గుమాస్తా మన గుమ్మం ముందుకు వస్తాడు, మళ్ళీ ప్రశ్నలు అడుగుతాడు. మాతృభాష దగ్గర ఇంట్లో మాట్లాడేదేదో అదే చెప్పండి, మరాఠీ బాగా వచ్చు కదా అని తెలుగును విడిచిపెట్టవద్దు. ఈ పట్నంలో తెలుగు బడి ఉండాలా అక్కరలేదా అని రేపెవరైనా అడిగితే చూపించడానికి ఆ లెక్క ఒక్కటే ఉంటుంది. అతను రాకముందే చేయవలసిన పని ఇంకొకటి ఉంది. మీ ఇంట్లో డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి ఉంటే, ఒక సాయంత్రం పక్కన కూచుని, పరాయి మనిషిని అడిగినట్టు అడగండి. ఏ ఊరు మనది? ఎవరింట్ల దిగినం? ఎన్ని మగ్గాలుండె? ఏ గిర్నీ? బాకీ ఎప్పుడు తీరింది? జవాబులు తెలుగులోనే, తేదీ వేసి, ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. ఇంటిపేరు ముందు రాయండి.